మెమోలో పేరు, ఆధార్‌లో పేరు: కంప్యూటర్ కోర్సుల మైనారిటీ విద్యార్థులకు కార్పొరేట్ స్కాలర్‌షిప్ దరఖాస్తుపై ప్రసంగం

వేదిక మీది పెద్దలకు, తోటి అధ్యాపకులకు, ఒక రోజు కూలీనో బేరాన్నో వదులుకొని పిల్లల వెంట వచ్చిన తల్లిదండ్రులకు, కంప్యూటర్ కోర్సుల్లో చేరిన విద్యార్థులకు నమస్కారం, సలాం.

నేను చాలా ఏళ్లుగా ఇంజనీరింగ్ విద్యార్థులకు ప్రోగ్రామింగ్ చెబుతున్నాను. సాయంత్రాలు ల్యాబ్ ఖాళీ అయ్యాక స్కాలర్‌షిప్ దరఖాస్తులు నింపడంలో పిల్లలకు సాయం చేయడం నాకు అలవాటు. ఒక సంస్థ స్కాలర్‌షిప్ ఎంపికలో విద్యార్థుల వ్యాసాలు చదివే పని కూడా కొంతకాలం చేశాను. అంటే దరఖాస్తు పంపే వైపూ, దాన్ని చదివే వైపూ కూర్చున్నవాణ్ణి. ఆ రెండు చోట్ల చూసినదే ఈ రోజు మీకు చెబుతాను.

ఒక తండ్రి నా దగ్గరికి వచ్చి అడిగిన ప్రశ్నతో మొదలుపెడతాను. ఆయన బైకులు బాగుచేసే మెకానిక్. కూతురికి కన్వీనర్ కోటాలో కంప్యూటర్ సైన్స్ సీటు వచ్చింది. స్కాలర్‌షిప్ సంగతి ఎత్తగానే ఆయన, "సార్, ఇట్లాంటివి మావాళ్లకు ఇస్తారా?" అన్నాడు. అందులో ఫిర్యాదు లేదు, ఇవ్వరన్న నమ్మకం మాత్రం ఉంది. ఆ నమ్మకానికి కారణం ఆయన ఊహించుకున్నదని నేను అనలేను. దేశంలో ముస్లింల స్థితిగతులు తెలుసుకోవడానికి జస్టిస్ రాజిందర్ సచార్ అధ్యక్షతన ఏర్పడిన కమిటీ 2006 నవంబరులో ఇచ్చిన నివేదికలో, దేశంలోని పేరున్న కళాశాలల్లో డిగ్రీ స్థాయిలో ప్రతి 25 మంది విద్యార్థుల్లో ఒక్కరు, పీజీ స్థాయిలో ప్రతి 50 మందిలో ఒక్కరు మాత్రమే ముస్లింలని తేలింది. తన బంధువుల్లో, తన వీధిలో అలా పైకి వెళ్లినవారు కనిపించని తండ్రి, ఇవి మనకు కావు అనుకోవడం సహజం. అయితే ఆ అనుకోవడం వల్ల జరిగే నష్టాన్ని నేను దగ్గరగా చూశాను. అర్హత ఉండి, మార్కులుండి, అవసరం ఉండి, దరఖాస్తే పెట్టని పిల్లలు మా తరగతిలో ప్రతి ఏటా ఉన్నారు. తిరస్కరణకు గురైన దరఖాస్తును మళ్లీ సరిచేయవచ్చు. పెట్టని దరఖాస్తును సరిచేసే దారి ఎవరి దగ్గరా లేదు.

ముందుగా మైనారిటీ అనే మాటను తేటతెల్లం చేసుకోవాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే దారి తప్పుతున్నారు. మన దేశంలో 1992 నాటి జాతీయ మైనారిటీల కమిషన్ చట్టం కింద ముస్లింలు, క్రైస్తవులు, సిక్కులు, బౌద్ధులు, పార్సీలను 1993లోను, జైనులను 2014లోను మైనారిటీలుగా కేంద్రం ప్రకటించింది. ఇదే మాటతో ఇంటర్నెట్‌లో వెతికితే మీకు ముందుగా కనిపించేవి అమెరికా పథకాలు. అక్కడ మైనారిటీ అంటే మతం లెక్క కాదు. కంప్యూటర్, ఇంజనీరింగ్ రంగాల్లో తక్కువగా ఉన్న నల్లజాతివారు, లాటినోలు, ఆదివాసులు అని అర్థం. ఇంజనీరింగ్‌లో అటువంటి విద్యార్థుల కోసం 1970ల నుంచి పనిచేస్తున్న నాక్మే, జెమ్ వంటి సంస్థలు గొప్ప పని చేస్తున్నాయి. కాని జెమ్ ఫెలోషిప్‌కు అమెరికా పౌరసత్వమో శాశ్వత నివాస హక్కో ఉండాలి. విద్యార్థి వీసా మీద వెళ్లిన మన పిల్లలకు అది వర్తించదు. మా విద్యార్థి ఒకడు అటువంటి పథకం వెంట పదిహేను రోజులు తిరిగి, ఆ సమయంలో ఇక్కడి రెండు పథకాల గడువు పోగొట్టుకున్నాడు.

మరో గందరగోళం కూడా ఉంది. మైనారిటీ విద్యాసంస్థలో చదవడం వేరు, మైనారిటీ వర్గానికి చెందడం వేరు. రాజ్యాంగంలోని 30వ అధికరణం కింద ఏర్పడిన కళాశాలలో ఏ మతం విద్యార్థులైనా ఉండవచ్చు. అలాగే మైనారిటీ విద్యార్థులు ఏ కళాశాలలోనైనా ఉండవచ్చు. దరఖాస్తులో ఈ రెంటినీ కలిపి రాస్తే చదివేవారికి అనుమానం వస్తుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ప్రభుత్వ మైనారిటీ స్కాలర్‌షిప్‌లు మతం ప్రాతిపదికన ఉంటాయి. మన దేశంలో కంపెనీలు ఇచ్చే వాటిలో ఎక్కువ భాగం మతం అడగవు. కుటుంబ ఆదాయం, మార్కులు, ఆడపిల్లలా కాదా, వైకల్యం ఉందా అన్నవే చూస్తాయి. కాబట్టి మైనారిటీ అనే మాట ఉన్న పథకాలనే వెతికే విద్యార్థి, తనకు హక్కున్న పథకాల్లో ఎక్కువ వాటిని చూడకుండానే వదిలేస్తున్నాడు. మీ ఇంటి ఆదాయమే మీ అర్హత, మీ ర్యాంకే మీ అర్హత. మిగిలిన ఎవరితోనైనా సమానంగా మీరు ఆ వరుసలో నిలబడవచ్చు.

కంపెనీలు ఈ డబ్బు ఎందుకు ఇస్తున్నాయో తెలిస్తే, అవి అన్ని కాగితాలు ఎందుకు అడుగుతాయో కూడా తెలుస్తుంది. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ ప్రకారం నికర విలువ 500 కోట్ల రూపాయలు, లేదా టర్నోవర్ 1,000 కోట్లు, లేదా నికర లాభం 5 కోట్లు దాటిన కంపెనీ, అంతకు ముందు మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతాన్ని సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. 2014 ఏప్రిల్ 1 నుంచి ఇది అమల్లో ఉంది. ఆ ఖర్చుకు అర్హమైన పనుల్లో విద్య ఒకటి. తాము పనిచేసే ప్రాంతానికి, దాని చుట్టుపక్కలకు ప్రాధాన్యం ఇవ్వాలని కూడా చట్టం చెబుతోంది. ఇన్ని సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఉన్న హైదరాబాద్ చుట్టుపక్కల చదివే మీకు ఆ మాట చాలా ముఖ్యం. ఈ డబ్బు ఎవరికి చేరిందో కంపెనీ తన బోర్డుకు లెక్క చెప్పాలి, ఆడిటర్‌కు కాగితం చూపాలి. అందువల్ల మీ ఆదాయ ధ్రువపత్రం, మీ మెమో, మీ బ్యాంకు ఖాతా ఒకదానితో ఒకటి సరిపోలాలని వారు పట్టుబడతారు. మీ మీద అపనమ్మకంతో అడుగుతున్నారని ఎవరూ బాధపడవద్దు.

పథకాల పేర్లు కొన్ని చెబుతాను, రాసుకోండి. నియమాలు ఏటేటా మారుతుంటాయి కాబట్టి ఆ ఏటి ప్రకటన చదవకుండా, నేను చెప్పానని దరఖాస్తు పెట్టవద్దు. రిలయన్స్ ఫౌండేషన్ డిగ్రీ మొదటి సంవత్సరం విద్యార్థుల్లో ఏటా 5,000 మంది వరకు ఎంపిక చేసి, కోర్సు మొత్తానికి 2 లక్షల రూపాయల వరకు ఇస్తోంది. దానికి ఆన్‌లైన్ పరీక్ష ఉంటుంది. ఇన్ఫోసిస్ ఫౌండేషన్ 2023లో స్టెమ్ స్టార్స్ పేరుతో ఆడపిల్లలకు ఏడాదికి లక్ష వరకు ఇచ్చే పథకం మొదలుపెట్టింది. కోటక్ కన్యా స్కాలర్‌షిప్ ప్రొఫెషనల్ కోర్సుల్లో చేరిన ఆడపిల్లలకు ఏడాదికి లక్షన్నర ఇస్తోంది. అడోబీ సంస్థ కంప్యూటర్ చదివే అమ్మాయిలకు ఫీజుతోపాటు ఇంటర్న్‌షిప్ అవకాశం కూడా కలిపి ఇస్తూ వచ్చింది. గూగుల్ కూడా కంప్యూటర్ సైన్స్ చదివే అమ్మాయిలకు స్కాలర్‌షిప్ ఇస్తూ వచ్చింది. కంప్యూటర్ రంగంలోకి స్త్రీలు రావాలని జీవితమంతా పనిచేసి 2003లో మరణించిన శాస్త్రవేత్త అనితా బోర్గ్ పేరిట ఆ సంస్థ తొలుత ఇటువంటి స్కాలర్‌షిప్‌ను నడిపింది. వీటితోపాటు 1994లో మొదలైన ఫౌండేషన్ ఫర్ ఎక్సలెన్స్ వంటి స్వచ్ఛంద సంస్థలు ఇంజనీరింగ్ పిల్లలకు అండగా ఉన్నాయి. ఈ పేర్లలో ఆడపిల్లల పథకాలే ఎక్కువ ఉన్నాయని మీరు గమనించే ఉంటారు. ఇక్కడున్న తల్లులకు ఒక మాట: మీ అమ్మాయి కంప్యూటర్ కోర్సులో ఉంటే, ఆమె చదువుకు డబ్బు దొరికే దారులు మీ అబ్బాయికంటే ఎక్కువ. చదువు మధ్యలో ఆపించే ముందు ఈ సంగతి ఒకసారి తలచుకోండి.

ఇక నా అనుభవంలో అన్నిటికంటే ఎక్కువ దరఖాస్తులను ముంచిన విషయానికి వస్తాను. అది పేరు.

ఆ మెకానిక్ కూతురి దరఖాస్తు మొదటిసారి తిరిగివచ్చింది. ఆమె మార్కులు ఎవరూ చూడలేదు, ఆమె రాసిన వ్యాసం ఎవరూ తెరవలేదు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు "షేక్" అని ఇంగ్లిషులో ఒక తీరుగా, ఆధార్‌లో చివర అక్షరం అదనంగా చేరి మరో తీరుగా ఉన్నాయి. తండ్రి పేరు ఒక చోట "మొహమ్మద్" అని పూర్తిగా, ఇంకో చోట "ఎండీ" అని రెండు అక్షరాల్లో ఉంది. బ్యాంకు పాస్‌బుక్‌లో అక్షరాలు పట్టక పేరు మధ్యలో తెగిపోయింది. ఇంట్లో అందరికీ ఒకే మనిషి. కాగితాలు సరిపోల్చే ఉద్యోగికి మాత్రం ముగ్గురు మనుషులు. సయ్యద్, పఠాన్, మొహమ్మద్ కుటుంబాల్లో ఈ సమస్య లేని ఇల్లు నాకు అరుదుగా కనిపించింది. క్రైస్తవ కుటుంబాల్లో ఇది ఇంకో రూపంలో ఉంటుంది. బాప్తిస్మం పేరు ఒకటి, బడిలో రాయించిన పేరు ఒకటి. ఇంటిపేరు ముందు రాసేది ఒక కాగితం, వెనక రాసేది ఒక కాగితం. ఉర్దూలోనో తెలుగులోనో ఒకే రకంగా పలికే పేరును, ఎప్పుడో ఒక గుమాస్తా తన చెవికి తోచినట్టు ఇంగ్లిషు అక్షరాల్లో పెట్టాడు. ఆ భారం ఇప్పుడు పద్దెనిమిదేళ్ల అమ్మాయి మోస్తోంది.

దీనికి నేను చెప్పే పద్ధతి ఒకటే. పదో తరగతి మెమోను ఆధారంగా పెట్టుకోండి, మిగిలిన కాగితాలన్నీ దానికి సరిపోయేటట్టు మార్చుకోండి. మెమో మార్చాలంటే బడి ప్రధానోపాధ్యాయుడి ద్వారా బోర్డు దాకా వెళ్లాలి, అది నెలల పని. పైగా పుట్టిన తేదీకి కూడా అందరూ దాన్నే అడుగుతారు. ఆధార్‌లో పేరు మార్చుకోవడం తేలిక, అయితే జీవితకాలంలో రెండుసార్లే అవకాశం ఇస్తారు. కాబట్టి తొందరపడి ఒకసారి ఇలా, మరోసారి అలా మార్పించి ఆ రెండు అవకాశాలూ పోగొట్టుకోవద్దు. మెమోను పక్కన పెట్టుకొని, ప్రతి అక్షరం, ప్రతి చుక్క, ప్రతి ఖాళీ చూసుకొని ఒక్కసారే మార్పించండి. తండ్రి పేరు కూడా అలాగే. తండ్రి లేని పిల్లలు తల్లి పేరును సంరక్షకురాలిగా అన్నిచోట్లా ఒకే రీతిలో రాయండి. బ్యాంకు ఖాతా మీ సొంత పేరు మీద ఉండాలి. బడి రోజుల్లో మైనర్‌గా తల్లిదండ్రులతో కలిసి తెరిచిన ఖాతాలకు పద్దెనిమిదేళ్లు నిండాక కేవైసీ, అంటే బ్యాంకులో గుర్తింపు కాగితాల పరిశీలన, మళ్లీ చేయించాలి. ఆ సంగతి తెలియక, మంజూరైన డబ్బు జమకాక వెనక్కి వెళ్లిన సందర్భం నేను చూశాను. ఆ అబ్బాయి ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఆదాయ ధ్రువపత్రం గురించి తల్లిదండ్రులతో మాట్లాడాలి. నెల జీతం ఉన్నవారికి జీతపు కాగితం ఉంటుంది. ఆటో నడిపేవారికి, గాజుల కొట్టులో పనిచేసేవారికి, కుట్టుపని చేసే అమ్మలకు అది ఉండదు. తహసీల్దార్ ఇచ్చే ధ్రువపత్రమే వారికి ఆధారం. తెలంగాణలో మీసేవ ద్వారా, ఆంధ్రప్రదేశ్‌లో సచివాలయాల ద్వారా కూడా దానికి దరఖాస్తు పెట్టవచ్చు. ఎక్కువ పథకాలకు గడువు జూలై నుంచి అక్టోబరు వరకు ఉంటుంది కాబట్టి, సీటు వచ్చిన వారంలోనే ఈ పని పూర్తిచేయండి. ఆదాయం ఉన్నదానికంటే తగ్గించి రాయించవద్దు. కొన్ని సంస్థలు ఇంటికి ఫోన్ చేసి, తండ్రి ఏం చేస్తారు, నెలకు ఎంత వస్తుంది, అద్దె ఇల్లా సొంత ఇల్లా అని అడుగుతాయి. కాగితం ఒకటి చెప్పి, నాన్న నోట మరొకటి వస్తే అక్కడితో ఆ దరఖాస్తు ముగిసినట్టే.

కుల ధ్రువపత్రం విషయంలో క్రైస్తవ విద్యార్థులు మరింత జాగ్రత్త పడాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, దానికి తర్వాత వచ్చిన సవరణల ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతస్థులకే ఎస్సీ హోదా ఉంటుంది. మన రెండు రాష్ట్రాల్లో ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవారు బీసీ-సీ కిందకు, ముస్లింలలో వెనుకబడిన కొన్ని వర్గాలు బీసీ-ఈ కిందకు వస్తాయి. ఒకే దరఖాస్తులో ఒక కాగితం ఒక మాట, మీ వ్యాసం మరో మాట చెప్పకూడదు. ఇది న్యాయమా అన్న చర్చ పెద్దది, అది జరగాలి కూడా. కాని మీ స్కాలర్‌షిప్ ఫారం ఆ చర్చకు వేదిక కాదు.

ఇక వ్యాసం. చాలా కంపెనీలు రెండు మూడు వందల మాటల్లో, మీరెవరు, కంప్యూటర్ ఎందుకు ఎంచుకున్నారు, మీకు ఈ సాయం ఎందుకు కావాలి అని ఇంగ్లిషులో రాయమంటాయి. నేను చదివిన వ్యాసాల్లో సగానికి పైగా చిన్నప్పటి నుంచి కంప్యూటర్ అంటే ఇష్టమనే వాక్యంతో మొదలయ్యాయి. ఈ మధ్య కృత్రిమ మేధతో రాయించిన వ్యాసాలు కూడా వస్తున్నాయి. భాష నున్నగా ఉంటుంది, ఒకే పోలికలు పది దరఖాస్తుల్లో కనిపిస్తాయి, రాసిన పిల్లవాడు మాత్రం ఎక్కడా కనిపించడు. ఒక మధ్యాహ్నంలో అరవై వ్యాసాలు చదివే మనిషికి ఏ ఒక్కటీ గుర్తుండదు.

గుర్తున్నది ఒకటి చెబుతాను. మా దగ్గర చదివిన ఒక అమ్మాయి తన వీధిలోని చిన్న గ్రంథాలయం సభ్యుల పట్టికను కంప్యూటర్‌లోకి ఎక్కించింది. ఒకే మనిషి పేరు మూడు రకాల స్పెల్లింగులతో మూడుసార్లు ఉంది. పుస్తకాలు ఎవరి దగ్గర ఉన్నాయో తెలియడం లేదు. ఆమె సౌండెక్స్ అనే పద్ధతి గురించి చదివింది. ఉచ్చారణ దగ్గరగా ఉన్న పేర్లకు ఒకే సంకేతం ఇచ్చే ఆ పద్ధతికి అమెరికాలో రాబర్ట్ రస్సెల్ అనే ఆయన 1918లో పేటెంటు పొందాడు. దాన్ని పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసి చూస్తే, షేక్ అనే పేరుకు ఇంగ్లిషులో ఉన్న రకరకాల స్పెల్లింగులన్నీ ఎస్200 అనే ఒకే సంకేతానికి వచ్చాయి. సయ్యద్ స్పెల్లింగులు ఎస్300 కిందకు చేరాయి. మొహమ్మద్‌లు, ముహమ్మద్‌లు అందరూ ఎం530 అయ్యారు. కాని ఎండీ అని రాసినవారు ఎం300 దగ్గర విడిగా మిగిలిపోయారు. సంక్షిప్తంగా రాసిన పేరును ఆ పద్ధతి గుర్తుపట్టలేదు. ఆమె సంక్షిప్త రూపాల కోసం ఒక చిన్న పట్టిక విడిగా రాసి ఆ లోపాన్ని సరిచేసింది.

ఆ అమ్మాయి ఇదంతా వ్యాసంలో రాయడానికి సంకోచించింది. "ఇది చిన్న పని కదా సార్, ఎవరైనా పెద్ద ప్రాజెక్టు రాస్తారు" అంది. నేను పట్టుబట్టి రాయించాను. సమస్య ఎక్కడ కనిపించింది, ఏ పద్ధతి వాడింది, అది ఎక్కడ తప్పింది, తను ఏం చేసింది అని నాలుగు చిన్న పేరాల్లో రాసింది. చివర, తన సొంత దరఖాస్తు ఒకసారి ఇదే పేరు తేడాతో తిరిగివచ్చిందని ఒక్క వాక్యం చేర్చింది. మీరు గుర్తుపట్టే ఉంటారు, ఆమె ఆ మెకానిక్ గారి అమ్మాయే. రెండో ఏడు పెట్టిన దరఖాస్తు నిలబడింది.

మీ ఇళ్లలో ఇటువంటివి లేవని అనుకోకండి. నాన్న కుట్టు దుకాణంలో కొలతల పుస్తకం ఉంటుంది. అమ్మ చీటీల లెక్క ఉంటుంది. ఉర్దూ అక్షరాలు కుడి నుంచి ఎడమకు నడుస్తుండగా మధ్యలో అంకెలు వస్తే తెర మీద వరుస చెదిరిపోవడం మీలో చాలామంది ఫోనులోనే చూసి ఉంటారు. అది నిజమైన కంప్యూటర్ సమస్య, దాని మీద పనిచేసేవారు ప్రపంచమంతా ఉన్నారు. పేదరికం గురించి రాయడానికి సిగ్గుపడవద్దు, దాన్ని పెంచి కూడా రాయవద్దు. ఫీజు ఎంత, అందులో ప్రభుత్వం నుంచి వచ్చేది ఎంత, మిగిలేది ఎంత, ల్యాప్‌టాప్ లేకపోతే ప్రస్తుతం ఎలా నేర్చుకుంటున్నారు అని అంకెలతో రాయండి. జాలి పుట్టించే పది విశేషణాలకంటే ఆ అంకెలు చదివేవారికి బాగా అర్థమవుతాయి. ఇంగ్లిషు భయపెడితే ముందు తెలుగులోనో ఉర్దూలోనో జరిగింది జరిగినట్టు రాసుకొని, తర్వాత చిన్న చిన్న వాక్యాల్లో ఇంగ్లిషులో పెట్టండి. వ్యాకరణం నేను చూస్తాను. విషయం మాత్రం మీదే కావాలి.

సిఫారసు లేఖ అడిగేటప్పుడు గడువుకు ముందురోజు అధ్యాపకుడి దగ్గరకు పరుగెత్తవద్దు. పది రోజుల ముందు, మీ మార్కులు, మీరు చేసిన పని ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. డబ్బు అడిగే స్కాలర్‌షిప్ ఏదైనా మోసమే. ప్రాసెసింగ్ ఫీజు, రిజిస్ట్రేషన్ ఫీజు, ఓటీపీ అని ఎవరు ఫోన్ చేసినా పెట్టేయండి. కంపెనీ సొంత వెబ్‌సైటులో ఆ పథకం కనిపిస్తేనే నమ్మండి. కొన్ని పథకాలు ఇంకో స్కాలర్‌షిప్ తీసుకోకూడదని నియమం పెడతాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తున్నట్టయితే ఆ సంగతి దాచకుండా రాయండి. ఎంపికైనవారు కూడా ప్రతి ఏడు పునరుద్ధరణకు సెమిస్టర్ మార్కులు పంపాలి. బ్యాక్‌లాగ్, అంటే తప్పిన సబ్జెక్టు, ఉంటే ఆపేసే పథకాలున్నాయి, చేరేముందే ఆ నియమం చదువుకోండి.

నేను చెప్పవలసింది చెప్పాను, ఇప్పుడు పని మొదలుపెడదాం. పదో తరగతి మెమో, ఆధార్, పాస్‌బుక్ తెమ్మని నిన్ననే మీకు చెప్పాను. మూడింటినీ బల్ల మీద పక్కపక్కన పెట్టండి. మీ పేరు, నాన్న పేరు ఒక్కో అక్షరం వేలు పెట్టి చూసుకోండి. తేడా కనిపించినవారు చేయి ఎత్తండి, ముందు వరుస నుంచి ఒక్కొక్కరి దగ్గరికీ నేను వస్తాను.